ఇదేనా అని అడిగే తెర

పోయిన వారం అలేఖ్యను మనం ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ క్లబ్‌హౌస్ ముందు వదిలేశాం. కారు ఇంజన్ ఆపలేదు. పక్క సీట్లో చలిమిడి గిన్నె, దానికి సీటు బెల్టు. దిగాలా, బండి వెనక్కి తిప్పుకుని ఇంటికి పోవాలా అని ఆలోచిస్తోంది. మనకి వారం గడిచింది గాని, పాపం ఆమె ఇంకా అదే సీట్లో ఉంది.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం సంగతి ఒకసారి చెప్పుకుందాం. పాతవాళ్ళకీ మేలే, ఎందుకంటే అలేఖ్య చేసిన పని చిన్నది, దాని మీద చేసిన పని పెద్దది. రెండూ గుర్తుండాలి.

అలేఖ్య కార్ల బ్రేకులు తయారుచేసే కంపెనీలో కంప్యూటర్ల విభాగంలో సీనియర్. వందల మెషీన్లున్న చోట ఒక్కొక్కదానికీ విండోసూ, దాని మీద సవాలక్ష సాఫ్ట్‌వేర్లూ విడివిడిగా ఎక్కించరు. అన్నీ కుదిరిన ఒక డిస్క్‌ను ఉన్నదున్నట్టుగా ఇమేజ్ తీసి, యూఎస్‌బీ స్టిక్‌లో పెట్టుకుని, మిగతా మెషీన్లలోకి దించేస్తారు. దించేముందు అక్కడ ఉన్నదంతా చెరిగిపోతుంది. అందుకని అలేఖ్య తయారుచేసిన పాత స్టిక్‌లో ఒక తెర వచ్చేది. చెరపబోయే డిస్క్ పేరూ సైజూ చూపించి, ‘ఇదేనా?’ అని అడిగేది. మనిషి చదివి యస్ నొక్కితేనే కదిలేది.

ఈ మధ్య మెషీన్లకు అప్‌డేట్లు వచ్చాక ఆ పాత స్టిక్‌ను సెక్యూర్ బూట్ లోపలికి రానివ్వడం మానేసింది. సెక్యూర్ బూట్ అంటే గుమ్మంలో వాచ్‌మన్ అనుకోండి. లోపలికొచ్చే ప్రోగ్రాం మీద చెల్లే సంతకం ఉందో లేదో చూస్తుంది, లేకపోతే తలుపు తీయదు. చాలామంది దాన్ని ఆఫ్ చేసేసి పని కానిచ్చుకుంటారు. అలేఖ్య అలా చేయనంది. పద్ధతిగా కొత్త సంతకంతో కొత్త స్టిక్ తయారుచేసింది. చేసి పరీక్షిస్తుంటే ప్రతిసారీ ‘ఇదేనా, ఇదేనా’ అని అడుగుతున్న తెర మీద విసుగొచ్చి, దాన్ని అప్పటికి తీసేసింది. సాయంత్రం మళ్ళీ పెడదామనుకుంది. ఈలోగా కూతురు రియాకి స్కూల్లో జ్వరమొచ్చిందని ఫోన్. ఆ హడావుడిలో తెర లేని స్టిక్కే నీరజ్ చేతికి వెళ్ళిపోయింది.

నీరజ్ అదే విభాగంలో కాంట్రాక్టర్. వరంగల్ కుర్రాడు. అలేఖ్య రిఫరెన్స్ మీదే చేరాడు, అలేఖ్య దగ్గరే పని నేర్చుకున్నాడు, ఆమెను అక్కా అంటాడు.

తెర సంగతి అటుంచితే, కొత్త స్టిక్‌లో ఇంకో లోటు కూడా ఉంది. ఈ రోజుల్లో చాలా మెషీన్లలో అసలు డిస్క్ ఒక కంట్రోలర్ చాటున ఉంటుంది. ఆ కంట్రోలర్‌తో మాట్లాడే చిన్న ప్రోగ్రాంను, అంటే డ్రైవర్‌ను, స్టిక్‌లో కలపకపోతే, డిస్క్ ఉన్నా కనపడదు. లాప్‌టాప్‌లలో ఉండేది ఒకటే డిస్క్ కాబట్టి, అది కనపడకపోతే స్టిక్ ఆగిపోయేది. సెట్టింగ్ మార్చి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. ప్రమాదం ఏమీ లేదు. కానీ నీరజ్ ఆ స్టిక్ పెట్టింది బ్రేకులు పరీక్షించే శ్రీధర్ గారి లాబ్ మెషీన్లో, అందులో రెండు డిస్కులున్నాయి. విండోస్ ఉన్న డిస్క్ చాటున ఉండిపోయింది. కొలతలున్న డిస్క్ ఒక్కటే ఎదురుగా కనపడింది. ఇదేనా అని అడిగే తెర లేదు. స్టిక్ దాన్నే చెరిపేసి, దాని మీద కొత్త విండోస్ పరిచేసింది.

ఆ కొలతలు శ్రీధర్ గారు చలికాలమంతా ఉత్తరాన గడ్డకట్టిన సరస్సు మీద కార్లు తిప్పి, చలికి బ్రేకులు చేసే చప్పుళ్ళు రికార్డు చేసి తెచ్చినవి. సర్వర్‌లోకి ఇంకా ఎక్కించలేదు. మళ్ళీ చేద్దామంటే మంచు కరిగిపోయింది, వచ్చే చలికాలం దాకా ఆగాలి.

ఇదీ అలేఖ్య చేసిన చిన్న పని. పెద్ద పని ఆ మర్నాడు చేసింది. ఎవరూ అడగకముందే, ఆఫీసులో ఉన్న అసలు కాపీలో ఆ తెరను తిరిగి పెట్టేసింది. డ్రైవరూ కలిపింది. నీరజ్ స్టిక్ అడిగి తీసుకుని దానిలోకీ కొత్త కాపీ దించింది. తప్పు దిద్దుతున్నాననే అనుకుంది. తర్వాత మేనేజర్ గ్రెగ్ ఆ కాపీ తెరిచి చూసి, ‘స్క్రీన్ ఉంది కదా, డిస్క్ పేరు చూపిస్తోంది కదా, చూడకుండా యస్ నొక్కేశాడన్నమాట’ అన్నాడు. అలేఖ్య తల ఊపలేదు. అడ్డంగా కూడా ఊపలేదు. నీరజ్ కాంట్రాక్టు సోమవారంతో ఆఖరు. దాంతోపాటు వీసా గడియారం మొదలవుతుంది, గడువులోగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం విడిచి పోవాలి. భార్య తన్వికి తొమ్మిదో నెల.

ఆ తన్వి శ్రీమంతానికే ఇప్పుడు అలేఖ్య వచ్చింది. ఊరికే పిలుపుకి రాలేదు. తన్వి వాళ్ళమ్మ వీసా ఇంటర్వ్యూ వాయిదా పడి రాలేకపోయింది. ఒడిలో చలిమిడి పెట్టాల్సింది పుట్టింటివాళ్ళు. ఆవిడ తెనాలి నుంచి అలేఖ్యకే ఫోన్ చేసి, “మీరే మా వైపు నిలబడాలమ్మా” అంది. అది గొడవకు ముందు మాట. ఒప్పుకున్నది తప్పించుకోవడానికి అలేఖ్య ఈ వారమంతా దారులు వెతికింది. జ్వరం అందామా అనుకుంది. ఇంట్లో భర్త అమర్‌నాథ్ ఉద్యోగం పోయి కూర్చున్నాడు, ఇంటిల్లిపాది ఆరోగ్య ఇన్సూరెన్స్ అలేఖ్య ఉద్యోగం మీదే ఉంది. తను మాట్లాడకపోవడానికి అదీ కారణమని తనకి తాను చెప్పుకుంటోంది. ఆ కారణం అబద్ధం కాదు. కాకపోతే, పాడు మనసు దాన్ని ఎన్నిసార్లు ముందు పెట్టినా సరిపెట్టుకోవడం లేదు.

కారు అద్దం మీద ఎవరో తట్టారు. నీరజ్. పట్టు పంచె మీద కోటు వేసుకుని, ఆ చలికి ముక్కు ఎర్రబడి నవ్వుతున్నాడు.

“ఏందక్కా, గిన్నెకు సీటు బెల్ట్ పెట్టినవ్, మస్తు సేఫ్టీ” అని గిన్నె అందుకున్నాడు. గిన్నెను రెండు చేతులా పట్టుకున్నాడు. నాలుగడుగులు వేసి ఆగి, మూత సరిగ్గా ఉందా అని చూసుకున్నాడు. మళ్ళీ నాలుగడుగులు వేసి మళ్ళీ చూసుకున్నాడు. మునుపు నీరజ్ అలా ఉండేవాడు కాదు. రెండు మానిటర్లు చంకలో, ఒకటి చేతిలో పెట్టుకుని మెట్లు దిగే రకం. అలేఖ్య అది గమనించి, గమనించనట్టు వెనకే నడిచింది.

క్లబ్‌హౌస్‌లో హడావుడంతా శ్రీధర్ గారి భార్య జయంతిది. మంట వెలిగించకూడదని కాంప్లెక్స్ వాళ్ళు కాగితం అంటించారు కాబట్టి బ్యాటరీ దీపాలు తెచ్చింది. అయినా ఎవరో భక్తి ఆపుకోలేక ఒక అగరొత్తి వెలిగించారట, అలారం మోగి, కాంప్లెక్స్ ఆఫీసు పిల్ల పరిగెత్తుకొస్తే, ఆమెకి రెండు పూతరేకులు చేతిలో పెట్టి పంపించాల్సి వచ్చిందట. ఆ కథ వచ్చినవాళ్ళందరికీ మళ్ళీ మళ్ళీ చెబుతున్నారు. మధ్యలో తన్వి కుర్చీలో నిండుగా కూర్చుని, ఎవరు చెప్పినా కొత్తగా విన్నట్టు నవ్వుతోంది.

ముత్తయిదువలు ఒక్కొక్కరూ గంధం రాసి గాజులు తొడిగారు. అలేఖ్య వంతు వచ్చింది. ఆకుపచ్చ గాజులు, నీరు పట్టి కాస్త ఉబ్బిన చేతులు. బిగుతుగా ఉన్నాయి, మెల్లిగా తిప్పుతూ ఎక్కించింది. “నొప్పిగా ఉందా” అని అడిగితే తన్వి లేదంది. అలేఖ్య ఆ చేతుల్నే చూస్తూ కూర్చుంది గాని తలెత్తలేదు. ఎత్తితే తన్వి కళ్ళు చూడాలి.

అప్పుడే ఆ సంగతి జరిగింది. శ్రీధర్ గారు ఆలస్యంగా వచ్చారు. వస్తారని ఎవరూ అనుకోలేదు. పళ్ళెం దగ్గర అక్షింతలు తీసుకుంటుంటే నీరజ్ కుర్చీలు సర్దడం వదిలేసి తిన్నగా ఆయన దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళి, అంతమందిలో, వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. పెద్దవాళ్ళకి పెడుతున్నాడు కాబోలు అనుకున్నారు అందరూ. లేవడం లేదు.

“సారీ సార్. నేనే చూడకుంట ఒత్తిన. మీ కష్టమంతా పోగొట్టిన” అన్నాడు.

ఎవరో పాట ఆపేశారు. శ్రీధర్ గారు గాభరాపడి, భుజాలు పట్టి లేపారు. మంచి మనిషి. కానీ ఆ మూడు నెలలు ఆయన చలిలో గడిపినవి, ఆ బాధ ముఖంలోంచి అంత త్వరగా పోదు.

“లేవయ్యా, శుభమా అని పిలిచి ఈ మాటలేంటి” అన్నారు. తర్వాత ఊరుకోలేక, “ఒక్కసారి చదివి నొక్కి ఉంటే సరిపోయేది కదయ్యా. ఒక్క లైను” అన్నారు.

నీరజ్ అవునన్నట్టు తలూపాడు. తను చదవని ఆ ఒక్క లైను కోసం. అలేఖ్య చేతిలో ఇంకో గాజు ఉంది. అది పుటుక్కున విరిగింది. జయంతి వెంటనే, పర్లేదమ్మా, గాజు పెరిగితే మంచిదే అని సర్దేసింది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఆ మాట ఉండబట్టి గాని, ఎన్ని చేతుల వణుకు బయటపడేదో.

రికార్డు చేసిన పాట ఎవరో మళ్ళీ పెట్టారు. పుట్టింటి చీర కట్టుకుని వస్తేనే చలిమిడి పెట్టాలని జయంతి ప్రకటించి, తన్వినీ అలేఖ్యనూ పక్కగదిలోకి తోసింది. అది క్లబ్‌హౌస్‌లో యోగా గది. ఒక గోడ నిండా అద్దం. అలేఖ్య చీర కుచ్చిళ్ళు పెడుతూ ఎటు చూసినా తన ముఖమే కనపడింది. ఆ గదిని ఎవరు కట్టారో గాని బాగా కట్టారనుకుంది కసిగా.

“నీరజ్‌కి మీరొకసారి చెప్పండక్కా” అంది తన్వి. “నా మాట వినట్లేదు. ఉద్యోగం పోతే పోనీ, ఎక్కడో దొరుకుతుంది, నాకు ఆ భయం కూడా లేదు.”

“మరి?”

తన్వి కొంగు సర్దుకుంటూ మెల్లిగా చెప్పుకొచ్చింది. స్టవ్ ఆపానో లేదో అని తిరిగి తిరిగి చూసుకుంటున్నాడట. కారు డోర్ లాక్ వేసి, సగం దూరం పోయి వెనక్కొస్తున్నాడట. ఖాళీగా ఉన్నప్పుడు టేబుల్ మీద వేలు పెట్టి నొక్కి చూసుకుంటున్నాడట. ఎందుకంటే, ఆ స్క్రీన్ వచ్చినట్టూ, తను యస్ నొక్కినట్టూ ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదట. గుర్తు రానంత అలవాటుగా నొక్కేశానంటే నేనెంత పనికిమాలినవాణ్ణి అంటాడట.

“మొన్న ఆసుపత్రి వాళ్ళు కాబోయే అమ్మానాన్నలకి పెట్టే క్లాసుకి వెళ్ళాం. బొమ్మనిచ్చి ఎత్తుకోమన్నారు. ఎత్తుకోనన్నాడక్కా. ‘చూడకుంట ఏదన్న చేసేస్తనేమో, పాపను నువ్వే పట్టుకో’ అన్నాడు. అందరిముందూ.” తన్వి బిగుతు గాజుల్ని కాస్త వెనక్కి తోసుకుంది. “నాకు అమ్మ రాలేదని బాధ లేదు. మీరున్నారుగా. కానీ ఈయన ఇలా అయిపోతే నేనేం చేయను.”

అలేఖ్య చేతిలో కుచ్చిళ్ళు జారిపోయాయి. వంగి మళ్ళీ మొదట్నుంచీ పెట్టబోయింది. కొలత కుదరలేదు. మళ్ళీ పెట్టింది. ఇన్నాళ్ళూ నీరజ్‌కి పోయేది ఒక ఉద్యోగమే అనుకుంది. ఉద్యోగమైతే ఇంకోచోట ఇప్పించొచ్చని, అప్పటికి ఈ పాపం కొంత తీరుతుందని లెక్కలేసుకుంది. ఆ కుర్రాడు జరగని పనికి మనసులో జ్ఞాపకం వెతుక్కుంటున్నాడని ఆమెకి తట్టనే లేదు.

సెక్యూర్ బూట్ గురించి కొత్తవాళ్ళకి పాఠం చెప్పేటప్పుడు అలేఖ్య ఎప్పుడూ ఒక మాట అనేది. అది సంతకం ఎవరిదో చూస్తుందిగాని, ఆ సంతకం పెట్టినవాళ్ళు లోపల ఏం చేశారో చూడదు, అది మనమే చూసుకోవాలి అని. నీరజ్ ఆ పాఠానికి మొదటి వరసలో కూర్చుని నోట్ చేసుకున్నాడు. ఆ స్టిక్ మీద సంతకం అలేఖ్యది. వాచ్‌మన్ తలుపు తీసింది తనని చూసే.

బయట నుంచి జయంతి పిలుస్తోంది, చలిమిడి గిన్నె పీట మీద పెట్టాం రండి అని.

“ముందు నీరజ్‌ని పిలు” అంది అలేఖ్య.

“చీర—”

“చీర తర్వాత కడతాను. పిలు తన్వీ.”

నీరజ్ వచ్చాడు. భార్యకి ఏదో అయిందనుకుని కంగారుగా వచ్చాడు. సగం కట్టిన చీరతో తన్వి కుర్చీలో కూర్చుని ఉంది. అలేఖ్య తలుపు వేసి, తలుపుకే ఆనుకుని నిలబడింది. నిలబడ్డాక తెలిసింది, ఇన్నాళ్ళూ పదిసార్లు మనసులో చెప్పుకున్న వాక్యాలన్నీ కారణాలతో మొదలవుతాయని. రియా జ్వరంతో, అమర్‌నాథ్ ఉద్యోగంతో, సెక్యూర్ బూట్‌తో. అవన్నీ వదిలేసింది.

“ఆ స్క్రీన్ లేదు నీరజ్” అంది. “నీకిచ్చిన స్టిక్‌లో లేదు. నేను తీసేశాను. మళ్ళీ పెట్టడం మర్చిపోయాను. నిన్నది అడగలేదు. నువ్వు ఏమీ నొక్కలేదు.”

నీరజ్ అర్థంకానట్టు చూశాడు. “గ్రెగ్ చూసిండు కదక్కా. ఉన్నది కద.”

“తర్వాత నేనే పెట్టాను. నీ స్టిక్ తీసుకున్నాను చూడు, అప్పుడు. గ్రెగ్ చూసింది నేను దిద్దిన కాపీ.”

ఏదో ఒకటి అంటాడని అలేఖ్య ఎదురుచూసింది. తిట్టినా బాగుండేది. అరిస్తే హాల్లో అందరికీ వినపడుతుందే అని ఒక్క క్షణం భయపడి, ఆ భయానికి తన మీద తనకే అసహ్యం వేసింది. నీరజ్ మెల్లిగా వెళ్ళి, గోడవారన చుట్టి పెట్టిన యోగా చాపల మీద కూలబడ్డాడు. పట్టు పంచె నలుగుతుందని కూడా చూసుకోలేదు.

“అంటే నేను ఒత్తలేదా?” అన్నాడు.

“లేదు.”

“అది రాలేదు? చూడకుంట ఒత్తుడు కాదు, అసలు రానే లేదు?”

“రాలేదు.”

“ఒత్తి చూసుకోంగ చూసుకోంగ నాకేమో ఒత్తినట్టే అనిపించబట్టె. వేలు కింద తగిలినట్టు గుడ.” తన కుడిచేతి వేలు ఎత్తి చూసుకున్నాడు. చూసుకుని, నవ్వాడో ఏడ్చాడో చెప్పలేం, రెండూ కలిసే వచ్చాయి. చేతుల్లో ముఖం దాచుకున్నాడు. భుజాలు ఎగిరెగిరిపడ్డాయి. కోపం ఇంకా రాలేదు అతనికి. వచ్చింది ఊపిరి మాత్రమే. దానికే చోటు చాలడం లేదు.

కోపం తన్వికి వచ్చింది. అప్పటిదాకా అక్కా అక్కా అన్న పిల్ల అలేఖ్యను అద్దంలోంచి చూసింది. తిన్నగా చూడాలనిపించలేదేమో.

“ఇప్పుడే బయట, ఆయన కాళ్ళ మీద పడ్డప్పుడు, మీరు నా చెయ్యి పట్టుకుని ఉన్నారు” అంది. “గాజులు తొడుగుతున్నారు.”

అలేఖ్య అవునంది. సోమవారం పొద్దున్నే వెళ్ళి గ్రెగ్‌తో చెబుతానంది. శ్రీధర్ గారితో కూడా చెబుతానంది. చెబుతుంటేనే ఆ సోమవారం అనే మాట ఎంత తేలిగ్గా నోట్లోంచి వస్తోందో ఆమెకే వినపడింది. గ్రెగ్ ఈ వారాంతం ఊళ్ళో లేడు. నీరజ్ మీద నమ్మకం పోయాక లాబ్ మెషీన్ల పని తనే దగ్గరుండి చూసుకుంటానని ఒహాయో ప్లాంటుకి కారులో వెళ్ళాడు. అది తెలిసినప్పుడు అలేఖ్యకి కాస్త ఊరట కలిగింది, హాయిగా శని ఆదివారాలు దాటుతాయని. ఆ ఊరటను కూడా ఇప్పుడు తలుచుకుని నొచ్చుకుంది.

“చలిమిడి నేను పెట్టలేను తన్వీ” అంది చివరికి. “మీ అమ్మగారు కడుపు చల్లగా ఉండాలని పెట్టమన్నారు. ఈ చేతుల్తో నేను పెట్టకూడదు. జయంతి గారిని పెట్టమంటాను.”

తన్వి ఏదో అనబోయింది. ఈలోగా నీరజ్ ముఖం మీద నుంచి చేతులు తీశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ చూపు మారింది. పనిలో ఉన్నప్పటి చూపది. అలేఖ్యకి బాగా తెలుసు ఆ చూపు.

“అక్కా. మీరు నా స్టిక్ మార్చింది లాబ్ మెషీన్ పోయినంక కద?”

“అవును.”

“దానికి ముందే నేను ఒక కాపీ చేసిన. ఒహాయో ప్లాంట్‌లో మానవ్ అడిగిండు, వాళ్ళ లాబ్ మెషీన్లకి. అటు పోయే కార్ల పంపించిన.”

గదిలో ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. తన్విది కంప్యూటర్ చదువు కాదు గాని, మొగుడు ఇన్నాళ్ళుగా పడుతున్న నరకం ఏ స్టిక్ వల్లో ఆమెకి తెలుసు. అలాంటిదే ఇంకొకటి ఉంది. ఆఫీసులో ఆనవాలు లేకుండా దిద్దేసిన తప్పు ఒహాయోలో దిద్దకుండా అలాగే ఉంది. అలేఖ్య నోరు విప్పి ఉంటే మొదటిరోజే అది ఆగిపోయేది. మాట్లాడకుండా గడిపిన ఒక్కొక్క రోజూ అది ఎవరి మెషీన్ దగ్గరో గుమ్మంలో నిలబడే ఉంది, చెల్లే సంతకంతో.

“ఎప్పుడు మొదలుపెడతామన్నారు?” అంది అలేఖ్య.

“లాబ్ ఖాళీగ ఉంటదని శనివారం అన్నడు” అంటూనే నీరజ్ కోటు జేబుల్లో ఫోన్ వెతుకుతున్నాడు. శనివారం అంటే ఇవాళే.

మానవ్‌కి చేసి, ఫోన్ మోగుతుంటే స్పీకర్ ఆన్ చేసి చాప మీద పెట్టాడు. బయట జయంతి తలుపు తట్టింది, చలిమిడి ఆరిపోతోందని. ఈలోగా అవతల ఫోన్ ఎత్తారు.

“హే నీరజ్ అన్నా.” మానవ్ అక్కడే పుట్టి పెరిగినవాడు. తెలుగు నెమ్మదిగా, ఒక్కొక్క మాట పేర్చుకుంటూ మాట్లాడతాడు. “నేనే కాల్ చేద్దాం అనుకున్నా.”

“మానవ్, నేను అలేఖ్యని. ఆ స్టిక్ వాడారా?”

“హాయ్ అక్కా. యా, రన్ అవుతోంది. నీరజ్ అన్న చెప్పాడు కదా, స్క్రీన్ వస్తది, డిస్క్ నేమ్ స్లోగా చదువు, నా లాగ చేయకు అని. సో నేను వెయిట్ చేశా. కానీ అది నన్ను ఏం అడగలేదు అక్కా. ఇట్ జస్ట్ స్టార్టెడ్. దట్స్ ఓకే, రైట్?”

నీరజ్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

“కేబుల్ పీకెయ్” అంది అలేఖ్య. “షట్‌డౌన్ కాదు, గోడ దగ్గర కరెంటు కేబుల్ పీకెయ్. ఇప్పుడే. ఇంకే మెషీన్‌లోనూ పెట్టకు.”

కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. తర్వాత ఫ్యాన్ల హోరు ఆగిపోయింది. ఎంతవరకు చెరిగిందో, ఏం మిగిలిందో ఇక్కడి నుంచి తెలిసే దారి లేదు. అవతల ఎవరిదో గొంతు మానవ్‌ను ఏదో అడుగుతోంది. మానవ్ ఇంగ్లీషులో జవాబు చెబుతున్నాడు, నీరజ్ పంపిన కాపీ అని, చేసిన తేదీ అందులోనే ఉందని.

“అక్కా, గ్రెగ్ ఇక్కడే ఉన్నాడు” అన్నాడు మానవ్ మళ్ళీ ఫోన్‌లోకి. “ఆయన మీతో మాట్లాడతాడంట.”

గ్రెగ్ ఎప్పుడూ గొంతు పెంచడు. ఇప్పుడూ పెంచలేదు. ఆఫీసులో ఉన్న కాపీలో ఆ స్క్రీన్‌ను తను కళ్ళారా చూశానన్నాడు. దానికంటే ముందు చేసిన ఈ కాపీలో అది లేదన్నాడు. తర్వాత కాస్త ఆగి, మెల్లిగా అడిగాడు, “అలేఖ్యా, మధ్యలో దాన్ని ఎవరు పెట్టారు?”

నీరజ్ అలవాటుకొద్దీ ఫోన్ వైపు ముందుకు వంగాడు. మేనేజర్ నిలదీసినప్పుడల్లా అక్క తరఫున తను జవాబు చెప్పడం అతనికి మొదట్నుంచీ ఉన్న అలవాటు. తన్వి అతని మణికట్టు పట్టుకుని ఆపింది. ఆమె చేతి గాజులు గలగలలాడాయి. ఆ చప్పుడు ఒహాయో దాకా వినపడే ఉంటుంది.

ఆమె ఇప్పుడు అద్దంలోకి చూడటం లేదు. తిన్నగా అలేఖ్య ముఖంలోకే చూస్తోంది.

అలేఖ్య మోకాళ్ళ మీద కూర్చుని, ఫోన్‌కి దగ్గరగా వంగి, నోరు తెరిచింది.